మైసెల్ఫ్‌తో మొదలుపెట్టవద్దు, విని నవ్వనూ వద్దు

బదిలీ ఉద్యోగుల పిల్లలకు మిగతా పిల్లలకు లేని పని ఒకటి ఉంటుంది. మూడేళ్ళకోసారో, ఒక్కోసారి ఏడాదికోసారో, కొత్త ఊళ్ళో కొత్త తరగతి ముందు నిలబడి తామెవరో ఇంగ్లీషులో చెప్పుకోవాలి. పుట్టిన ఊళ్ళోనే చదువు ముగించేవాళ్ళకు ఆ అవసరం ఒకటి రెండుసార్లు వస్తుందేమో. మనకు పన్నెండో తరగతి అయ్యేలోగా నాలుగైదు సార్లు వస్తుంది. అలా నిలబడినప్పుడల్లా చాలామంది నోట వచ్చే మొదటి మాట ‘మైసెల్ఫ్’. ‘మైసెల్ఫ్ రవి, ఫ్రమ్ విశాఖపట్నం.’ అప్పటికే ఆ స్కూల్లో పాతబడినవాళ్ళలో ఎవరో వెనక బెంచీలో నవ్వుతారు. రవి ఇక ఆ నెలంతా చెయ్యెత్తి ప్రశ్న అడగడు.

ఈ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఆ వాక్యం తప్పే. దాన్ని దిద్దుకోవాలి. ‘మన ఇంగ్లీషు ఇంతే’ అని వదిలెయ్యకూడదు. కానీ ఆ నవ్వుకు అర్థం లేదు. ఇలాంటి తప్పుల్లో ఎక్కువ భాగం తెలివి లేక వచ్చేవి కావు, ఇంకో భాష బాగా వచ్చినందువల్ల వచ్చేవి. ‘ఇది ఎవరిది’ అని చెప్పే మాటల్నీ, ‘తనను తాను’ అని చెప్పే మాటల్నీ మన ఇంటి భాషల పక్కన పెట్టి చూసుకుంటే ఇంగ్లీషూ నిలుస్తుంది, ఇంటి భాషా నిలుస్తుంది. విడదీసి చూస్తే రెండూ దెబ్బతింటాయి.

అద్దం ముందు మనిషి ఉండాలి

‘మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్, హిమ్‌సెల్ఫ్’ లాంటి మాటలు అద్దంలో బొమ్మ లాంటివి. బొమ్మ కనిపించాలంటే అద్దం ముందు మనిషి నిలబడాలి. ‘ఐ హర్ట్ మైసెల్ఫ్’ అన్న వాక్యంలో ‘ఐ’ మనిషి, ‘మైసెల్ఫ్’ బొమ్మ. దెబ్బ తగిలించుకున్నదీ నేనే, దెబ్బ తగిలిందీ నాకే. ‘మైసెల్ఫ్ రవి’ అన్నప్పుడు బొమ్మ ఉంది, మనిషి లేడు. అందుకే అది నిలబడదు. ‘ఐ యామ్ రవి’ అనో ‘మై నేమ్ ఈజ్ రవి’ అనో అంటే చాలు.

తెలుగులో కూడా ఇదే న్యాయం. ‘నన్ను నేను రవి’ అని ఎవరూ అనరు. అంటే, మన భాష మనకు సరైన దారే చూపిస్తోంది. మరి తప్పు ఎక్కడి నుంచి వస్తోంది? చిన్న తరగతుల్లో రాయించే వ్యాసం నుంచి వస్తోందని మా అనుమానం. ఆ వ్యాసానికి శీర్షిక ‘మైసెల్ఫ్’. శీర్షికగా అందులో తప్పు లేదు. కానీ శీర్షికను బట్టీ పట్టిన పిల్లవాడు దాన్నే మొదటి వాక్యంలోకి మోసుకెళతాడు. ఒకటో తరగతిలో మొదలైన ఆ మోత కొందరికి ఉద్యోగం ఇంటర్వ్యూ దాకా దిగదు.

‘సెల్ఫ్’ మాటలకు రెండో పని కూడా ఉంది. ‘నేనే, స్వయంగా నేనే’ అని నొక్కి చెప్పడం. ‘ది ప్రిన్సిపల్ హిమ్‌సెల్ఫ్ కేమ్’ అంటే ప్రిన్సిపల్‌గారే స్వయంగా వచ్చారని. ‘ఐ డిడ్ ఇట్ బై మైసెల్ఫ్’ అంటే ఎవరి సాయమూ లేకుండా నేనొక్కణ్ణే చేశానని. ఈ రెండు పనులూ కానప్పుడు ‘సెల్ఫ్’ను దూరంగా ఉంచాలి. ‘ఏదైనా ఉంటే లతకు గానీ నాకు గానీ చెప్పండి’ అనడానికి ‘ప్లీజ్ టెల్ లత ఆర్ మైసెల్ఫ్’ అని రాయడం ఆఫీసు ఉత్తరాల్లో తరచు చూస్తాం. ఇది మన దేశపు తప్పే కాదు. ఇంగ్లీషే ఇంటి భాషగా ఉన్నవాళ్ళు కూడా ‘మి’ అంటే మర్యాద తక్కువేమోనని ఇలాగే రాస్తుంటారు. పరీక్ష తేలిక. లత పేరు తీసేసి చదవండి. ‘ప్లీజ్ టెల్ మైసెల్ఫ్’ అని ఎవరూ అనరు. కాబట్టి లత పక్కన ఉన్నా ‘మి’ అనే రాయాలి.

తెలుగులో మాట వెనక ‘కొను’ చేరుస్తాం. ‘వండాడు’ అంటే ఎవరికో వండాడు. ‘వండుకున్నాడు’ అంటే తన కోసం వండాడు. సంస్కృతం పీరియడ్‌లో చదివే పరస్మైపదం, ఆత్మనేపదం తేడా గుర్తుందా? పని ఫలం ఎవరికి చేరుతుందన్నదే అక్కడా లెక్క అని పాణిని చెప్పాడు. యజ్ఞం ఇంకొకరి కోసం చేస్తే ‘యజతి’, తన కోసం చేసుకుంటే ‘యజతే’. సంస్కృతం క్రియ చివర చూపించిన తేడాను తెలుగు ‘కొను’తో చూపిస్తుంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. అందుకే ఆ అర్థం వేరే చోట్ల తేలుతుంది. ‘చెయ్యి కోసుకున్నాడు’ను ఇంగ్లీషు చేస్తే ‘హి కట్ హిజ్ హ్యాండ్’. మన ‘కొను’ అక్కడ ‘హిజ్’ అయింది. ‘గడ్డం గీసుకున్నాడు’ అంటే ‘హి షేవ్డ్’. ‘కొను’ పూర్తిగా మాయమైంది. ‘పిక్నిక్‌లో బాగా సరదాగా గడిపాం’ అంటే ‘వియ్ ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్’. తెలుగులో లేని ‘తమను తాము’ అక్కడ కొత్తగా వచ్చింది. పిల్లలు ‘వియ్ ఎంజాయ్డ్ ఎ లాట్’ అని రాసి మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. ‘ఎంజాయ్’కి దేన్నో, ఎవర్నో చెప్పాలి. ట్రిప్పునైనా చెప్పాలి, మనల్నైనా చెప్పాలి.

ఇంకో చిక్కు. ‘ఇంటర్వెల్‌లో ఇద్దరూ కొట్టుకున్నారు’ అంటే తెలుగులో అందరికీ అర్థమవుతుంది. దాన్నే ‘దే వర్ బీటింగ్ దెమ్‌సెల్వ్స్’ అని టీచర్‌కు ఫిర్యాదు చేస్తే, ఎవరి చెంప వాళ్ళే వాయించుకుంటున్నారని అర్థం వస్తుంది. ఒకరినొకరు అన్నదానికి ‘ఈచ్ అదర్’ కావాలి. మన ‘కొను’ రెండు పనులు చేస్తుంది. ఇంగ్లీషు ఆ రెండు పనులకు ఇద్దరు మనుషుల్ని పెట్టుకుంది.

ఒకే బెంచీ, నాలుగు రకాల తప్పులు

కేంద్రీయ విద్యాలయాల పథకానికి 1962లో ఆమోదం దొరికింది. 1963-64లో 20 రెజిమెంటల్ స్కూళ్ళతో అవి మొదలయ్యాయి. ఉద్యోగం ఎక్కడికి పంపినా పిల్లల చదువు తెగకూడదన్నదే ఉద్దేశం. ఇవాళ కాఠ్మాండూ, మాస్కో, టెహ్రాన్‌లలో కూడా ఆ స్కూళ్ళున్నాయి. ఆ ఉద్దేశానికి ఒక ఫలితం ఏమిటంటే, ఇలాంటి ప్రతి తరగతిలోనూ ఒకే బెంచీ మీద మూడు నాలుగు ఇంటి భాషలు కూర్చుంటాయి. ఒక్కో ఇంటి భాష ఇంగ్లీషులో ఒక్కో రకం తప్పు చేయిస్తుంది. దాన్ని గమనిస్తే వ్యాకరణం ఎంత సరదాగా ఉంటుందో తెలుస్తుంది.

హిందీ ఇంటి పిల్లవాణ్ణి చూడండి. ‘సీతా ఔర్ ఉస్‌కా భాయీ’ అంటాడు. ‘ఉస్‌కా’ ఎందుకు? భాయీ పుంలింగం కాబట్టి. అదే చెల్లెలైతే ‘ఉస్‌కీ బెహన్’. అంటే హిందీలో ఈ మాట సొంతదారును చూసి మారదు, సొంతమైనదాన్ని చూసి మారుతుంది. అతను అదే లెక్కతో ‘సీతా అండ్ హిజ్ బ్రదర్’ అని రాస్తాడు. ఇంగ్లీషుకు సొంతదారు ఎవరన్నదే ముఖ్యం. సీత స్త్రీ కాబట్టి తమ్ముడైనా, తండ్రైనా, సైకిలైనా ‘హర్’ అనే అనాలి.

బెంగాలీ ఇంటి అమ్మాయికి ఇంకో ఇబ్బంది. వాళ్ళ భాషలో అతనూ, ఆమె అన్న తేడాయే లేదు. ఇద్దరికీ ఒకటే మాట. ఒడియాలోనూ అంతే. అందుకని ‘మై సిస్టర్ లాస్ట్ హిజ్ బ్యాగ్’ అని నోరు జారుతుంది. ఆమెకు ఆడా మగా తేడా తెలియక కాదు, ఆ తేడా సర్వనామంలో చెప్పాలని ఆమె భాష ఎప్పుడూ అడగలేదు.

తెలుగు పిల్లలకు ఈ రెండు ఇబ్బందులూ లేవు. ‘అతని చెల్లెలు’, ‘ఆమె తమ్ముడు’ అని సొంతదారును బట్టే అంటాం. ఇంకో మేలు కూడా ఉంది. ‘నా పుస్తకం’, ‘ఈ పుస్తకం నాది’ అని మనకు రెండు రూపాలున్నాయి. ఇంగ్లీషుకూ ఉన్నాయి, ‘మై బుక్’, ‘దిస్ బుక్ ఈజ్ మైన్’. నీ, నీది అంటే ‘యువర్, యువర్స్’. మా, మాది అంటే ‘అవర్, అవర్స్’. మన మాట చివర ‘ది’ వస్తే ఇంగ్లీషులో ‘మైన్’ వరస వేసుకుంటే సరిపోతుంది. హిందీలో రెండుచోట్లా ‘మేరా’ ఒక్కటే కాబట్టి వాళ్ళకు ఈ ఊతం లేదు.

మన తప్పులు వేరేచోట ఉన్నాయి. ‘మాకు సొంత ఇల్లు ఉంది’ అనడానికి ‘వియ్ హావ్ ఓన్ హౌస్’ అంటారు. తెలుగులో ‘సొంత’ ఒంటరిగా నిలబడుతుంది. ఇంగ్లీషు ‘ఓన్’ ఒంటరిగా నిలబడదు. దాని ముందు ‘అవర్’ గానీ ‘మై’ గానీ ఉండాలి. ‘అవర్ ఓన్ హౌస్’. క్వార్టర్స్‌లో పెరిగే పిల్లలు ఈ వాక్యం జాగ్రత్తగా నేర్చుకోవాలి, ఏదో ఒకరోజు గర్వంగా చెప్పుకోవలసిన వాక్యం కదా!

ఇంకోటి ‘అవర్ ఫాదర్’, ‘అవర్ మదర్’. ఒక్కడే కొడుకైనా తెలుగులో ‘మా అమ్మ’, ‘మా నాన్నగారు’ అంటాడు. అమ్మను, ఇంటిని, ఊరిని నా ఒక్కడివి అనుకోవడం మన మాటతీరులో లేదు. ఇంగ్లీషులో ఒక్కడు మాట్లాడుతుంటే ‘మై’ అనాలి. ‘అవర్ ఫాదర్’ అంటే పక్కన అన్నదమ్ములెవరో ఉన్నారని వినేవాళ్ళు వెతుక్కుంటారు. తప్పు దిద్దుకుందాం. కానీ ఆ తప్పు వెనక ఉన్న మర్యాద మాత్రం సిగ్గుపడవలసింది కాదు.

హిందీ క్లాసులో తారుమారు

తెలుగు పిల్లలు నవ్వులపాలయ్యేది ఇంగ్లీషు క్లాసులోనే కాదు. హిందీ క్లాసులో ‘మైఁ మేరీ కితాబ్ లాయా’ అంటే ఉత్తరాది పిల్లలు నవ్వుతారు. ‘మైఁ అప్నీ కితాబ్ లాయా’ అనాలి. హిందీ పద్ధతి ప్రకారం వాక్యానికి కర్త ఎవరో, వస్తువు వాళ్ళదే అయితే ఎప్పుడూ ‘అప్నా’యే. నేనైనా, నువ్వైనా, వాడైనా.

మూడు భాషల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో ‘నేను నా పని చేసుకుంటాను, నువ్వు నీ పని చేసుకో, వాడు తన పని చేసుకుంటాడు.’ నా, నీ, తన. మూడో మనిషి దగ్గరే మనకు ప్రత్యేకమైన మాట ఉంది. హిందీలో మూడుచోట్లా ‘అప్నా’. ఇంగ్లీషులో ‘మై, యువర్, హిజ్’. ఒక్కచోట కూడా ప్రత్యేకమైన మాట లేదు. ఈ లెక్కలో తెలుగు సరిగ్గా మధ్యలో ఉంది. హిందీ పిల్లవాడు ఇంగ్లీషులో తడబడినా, తెలుగు పిల్లవాడు హిందీలో తడబడినా కారణం ఒక్కటే. ఇంగ్లీషు క్లాసులో నవ్వినవాడు, హిందీ క్లాసులో నవ్వించుకున్నవాడు ఒకడే కావచ్చు. ఈ సంగతి తెలిశాక ఎవర్ని చూసి ఎవరు నవ్వాలి?

ఇంగ్లీషుకు ‘తన’ లేకపోవడం చిన్న లోటు కాదు. ‘రవి టోల్డ్ కిరణ్ దట్ హిజ్ ఫాదర్ వాజ్ ట్రాన్స్‌ఫర్డ్.’ బదిలీ ఎవరి నాన్నకు? రవి నాన్నకా, కిరణ్ నాన్నకా? ఇంగ్లీషు వాక్యం చెప్పదు. మన స్కూళ్ళలో ఇది తేలవలసిన ప్రశ్న. సామాన్లు సర్దుకోవలసింది ఎవరో తేలాలి కదా! తెలుగులో ‘తన నాన్నకు బదిలీ అయిందని రవి కిరణ్‌తో చెప్పాడు’ అంటే ఏ అనుమానమూ లేదు. వెళ్ళిపోయేది రవి. కాబట్టి ఇంగ్లీషు రాసేటప్పుడు మనం అదనంగా జాగ్రత్తపడాలి. ఇలాంటి చోట పేరే మళ్ళీ రాయాలి, లేదా రవి అన్న మాటల్నే కొటేషన్‌లో పెట్టాలి. ఇంకొన్ని చోట్ల ‘హిజ్ ఓన్’ అని నొక్కాలి. తెలుగు బాగా తెలిసినవాడికే ఈ లోటు కనిపిస్తుంది. ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవాడు వాక్యం సరిగానే ఉందనుకుని ముందుకు వెళ్ళిపోతాడు.

ఒకచోట మాత్రం రెండు భాషలూ చేతులు కలిపాయి. ‘ఎవరి టిఫిన్ వాళ్ళు తెచ్చుకోవాలి’ అంటాం. ‘ఎవరి’ అన్నది ఒక్కొక్కరి గురించి, ‘వాళ్ళు’ అన్నది బహువచనం. ఇంగ్లీషులో ‘ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దెయిర్ ఓన్ టిఫిన్’ అంటారు. పాత వ్యాకరణ పుస్తకాలు ‘హిజ్’ అనాలన్నాయి. కానీ తరగతిలో సగం మంది అమ్మాయిలే అయినప్పుడు ‘హిజ్’ ఎలా కుదురుతుంది? ‘దెయిర్’ను ఇలా వాడటం ఇంగ్లీషులో కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నదే.

నెత్తిమీది చిన్న గీత

అపాస్ట్రఫీ గురించి నాలుగు మాటలు. సెలవు చీటీ కింద ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ అని రాసేటప్పుడు ‘యువర్’ తరవాత గాలిలో ఒక కామా వేలాడదీసేవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. యువర్స్, హర్స్, అవర్స్, దెయిర్స్, ఇట్స్. ‘నీది, ఆమెది, మాది, వాళ్ళది, దానిది’ అని చెప్పే ఈ ఐదు మాటల్లో దేనికీ ఆ గీత రాదు. గీత ఉన్న ‘ఇట్స్’ అంటే ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హ్యాజ్’ అనో అర్థం. అనుమానం వస్తే విడదీసి చదవండి. ‘కుక్క తోక ఊపింది’ అనడానికి ‘ది డాగ్ వ్యాగ్డ్ ఇట్ ఈజ్ టెయిల్’ అంటే అర్థం కుదరదు. కుదరకపోతే గీత వద్దు.

ఈ తప్పు చేసినవాళ్ళను వెక్కిరించేముందు ఒక చరిత్ర తెలుసుకోవాలి. సుమారు 1600 వరకూ ఇంగ్లీషుకు ‘ఇట్స్’ అనే మాటే దాదాపు లేదు. వస్తువులకు కూడా ‘హిజ్’ అనే వాడేవారు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ మొదటి ముద్రణలో ‘ఇట్స్’ కనిపించదు. తరవాత ఆ మాట వాడుకలోకి వచ్చినప్పుడు చాలాకాలం పాటు గీత పెట్టే రాశారు. అచ్చు పుస్తకాల్లోనూ అలాగే ఉండేది. అంటే మన బెంచీ మీది పిల్లవాడు ఇవాళ చేసే ‘తప్పు’ ఒకప్పుడు ఇంగ్లండులో చదువుకున్నవాళ్ళు చేసిన ఒప్పే.

‘హిజ్‌సెల్ఫ్’ సంగతీ అంతే. ‘మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్, అవర్‌సెల్వ్స్’ అన్నప్పుడు ముందు సగం ‘నా, నీ, మా’. ఆ లెక్కన ‘అతని’ అంటే ‘హిజ్‌సెల్ఫ్’ కావాలి. ‘వాళ్ళ’ అంటే ‘దెయిర్‌సెల్వ్స్’ కావాలి. ఇంగ్లీషు అక్కడ దారి మార్చి ‘హిమ్‌సెల్ఫ్, దెమ్‌సెల్వ్స్’ అంది. ‘హిజ్‌సెల్ఫ్’ అన్న పిల్లవాడు భాష కన్నా క్రమంగా ఆలోచించాడు. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో కొన్ని మాండలికాలు ఇప్పటికీ ఆ రూపమే వాడతాయి. పరీక్షలో దిద్దాల్సిందే, కానీ ముందు ఆ ఆలోచనను మెచ్చుకుని దిద్దాలి.

అసలు నష్టం ఇంట్లో

ఇంగ్లీషు తప్పుల కంటే మాకు ఎక్కువ దిగులు పుట్టించేది ఒకటుంది. ఇంగ్లీషు పోకడ తెలుగులోకి వెనక్కి ప్రవహించడం. తెలుగు ప్రాంతాలకు దూరంగా పెరిగే పిల్లల తెలుగులో ‘రవి అతని పుస్తకం పోగొట్టుకున్నాడు’ లాంటి వాక్యాలు వినిపిస్తున్నాయి. అది ‘రవి లాస్ట్ హిజ్ బుక్’కు నీడ. తెలుగు తెలిసిన పెద్దవాళ్ళు వింటే ‘ఎవరి పుస్తకం?’ అని అడుగుతారు. ‘తన’ అన్న రెండక్షరాలు జారిపోయాయి. ‘నా అమ్మ, నా నాన్న, నా ఇల్లు’ అనడం ఇంకో నీడ.

‘మనం, మేము’ తేడా కూడా పలచబడుతోంది. ఎదుటివాళ్ళను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. హిందీలో రెంటికీ ‘హమ్’. ఇంగ్లీషులో రెంటికీ ‘వియ్’. రోజంతా ఆ రెండు భాషల్లో గడిపే పిల్లవాడు సెలవులకు ఊరెళ్ళి, ‘అమ్మమ్మా, మనం పోయిన వారం తాజ్‌మహల్ చూశాం’ అంటే, ఆవిడ ‘నేనెప్పుడొచ్చాన్రా మీతో!’ అని ఆశ్చర్యపోతుంది. అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో ఆప్యాయత ఉంది కాబట్టి ఫరవాలేదు. కానీ పిల్లవాడు దాంతో అమ్మమ్మతో తెలుగు మాట్లాడటమే మానేస్తే? కొత్త స్కూల్లో ఇంగ్లీషుకు నోరు కట్టుకున్నవాడు, సొంత ఊళ్ళో తెలుగుకూ నోరు కట్టుకుంటే ఇక అతనికి మిగిలే భాష ఏది? బదిలీ పిల్లలకు ఊరు పోతుంది, స్నేహితులు పోతారు. భాషలు మాత్రం వెంట తెచ్చుకునే సామాన్లు. వాటిని దారిలో పారేసుకోకూడదు.

మేం ఒప్పుకోని మూడు మాటలు

‘ఇది భారతీయ ఇంగ్లీషు, ఎందుకు దిద్దాలి?’ అని కొందరంటారు. మన దేశంలో వాడుకలో ఉన్న ‘ప్రీపోన్’ లాంటి మాటను ఇంగ్లీషు నిఘంటువులు చేర్చుకున్నాయి. అది లేని అవసరాన్ని తీర్చింది కాబట్టి నిలిచింది. ‘మైసెల్ఫ్ రవి’ ఏ అవసరమూ తీర్చదు. ‘ఐ యామ్ రవి’ చేసే పనికన్నా అది ఎక్కువ చేసేదేమీ లేదు. పైగా బోర్డు పరీక్షలోనూ, ఇంటర్వ్యూలోనూ నష్టం మనకే.

‘ఇంగ్లీషు క్లాసులో ఇంగ్లీషే ఉండాలి, వేరే భాషలు తెస్తే గందరగోళం’ అని ఇంకొందరు. వేరే భాషల్ని ఎవరూ తేనక్కర్లేదు. అవి పిల్లల తలల్లో ముందే ఉన్నాయి. అవి తెర వెనక ఉండి తప్పులు చేయిస్తున్నాయి. ముందుకు పిలిచి పలకరిస్తే సాయం చేస్తాయి. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా ఇంటి భాషను బడిలోకి రానివ్వమనే చెబుతోంది.

‘టీచర్‌కు అన్ని భాషలు ఎలా వస్తాయి?’ అన్నది మూడో మాట. రావక్కర్లేదు. పిల్లలకు వచ్చు. ‘వాడు తన పుస్తకం పోగొట్టుకున్నాడు, నేను నా పుస్తకం తెచ్చుకున్నాను’ అన్న రెండు వాక్యాలు బోర్డు మీద ఇంగ్లీషులో రాసి, ఎవరి ఇంటి భాషలో వాళ్ళను చెప్పమంటే పది నిమిషాల పని. ‘తన’ ఎక్కడుంది, ‘అప్నా’ ఎక్కడుంది, ఏ భాషలో ఏ మాట కనిపించలేదు అని తరగతే లెక్క తేలుస్తుంది. ఆ చార్టు గోడకు అంటిస్తే కొత్తగా వచ్చినవాడు తన భాషలో ఒక వరస కలుపుతాడు. ఆ రోజు అతను తరగతికి ఏదో ఇచ్చినవాడవుతాడు.

తోటి విద్యార్థులకు మా విన్నపాలు చిన్నవి. కొత్తవాళ్ళు పరిచయం చేసుకునే ముందు వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళు ‘ఐ యామ్ అని మొదలుపెట్టు’ అని మెల్లగా చెప్పవచ్చు. అప్పటికే ‘మైసెల్ఫ్’ అనేస్తే అందరి ముందూ కాదు, ఇంటర్వెల్‌లో చెప్పవచ్చు. నెలకొక ఉత్తరం తాతయ్యకో అమ్మమ్మకో తెలుగులో రాయవచ్చు. అందులో ఒక్క ‘తన’, ఒక్క ‘మేము’, ఒక్క ‘మనం’ సరిగ్గా పడేటట్టు చూసుకోవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవాలని పెద్దలు ఊరికే అనలేదు.

చివరగా, తెలుగువాళ్ళకు దొరికే ఒక కొలత ఉంది. కొత్త స్కూలు గురించి ఇంట్లో చెప్పేటప్పుడు మొదట్లో ‘వాళ్ళ స్కూలు’ అన్నట్టే మాట్లాడతాం. కొన్నాళ్ళకు ‘మా స్కూలు’ అవుతుంది. తోటి పిల్లలతో ‘మన స్కూలు’ అని ఎప్పుడనగలిగితే అప్పుడు బదిలీ పూర్తయినట్టు. ఇంగ్లీషులో ఈ రెంటికీ ‘అవర్ స్కూల్’ ఒక్కటే. కొత్తగా వచ్చినవాడు మా నుంచి మనకు ఎన్నాళ్ళలో చేరతాడన్నది అతని ఇంగ్లీషు మీద కొంత, మన నవ్వు మీద చాలా ఆధారపడి ఉంటుంది.